పదమూడో ఉండ

చేప వచ్చిన రోజు మా నడిమి గదిలో మంచం తీసేశారు. ఆ చోట గచ్చు మీద ఇంకో జానెడు సిమెంటు పోసి, ఎనిమిదడుగుల గాజు తొట్టె దించారు. ట్యాంకరుతో మంచినీళ్లు తెచ్చి నింపారు. తర్వాత ల్యాబు వ్యాన్లోంచి నలుగురు మనుషులు తడి దుప్పటిలో చుట్టిన చేపను మోసుకొచ్చి, మెల్లగా నీళ్లలో వదిలారు.

వీధిలో వాళ్లంతా గుమ్మం దగ్గర తోసుకుంటున్నారు. నేను తలుపు వెనక నిలబడి చూశాను. నలుగురిలోకి రావాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. బళ్లో మాస్టారు లేపి అడిగితే జవాబు తెలిసినా గొంతు బయటికి రాదు. ఊర్వశి అని పేరు పెట్టి ఇలాంటి మూగదాన్ని కన్నావేటని అమ్మను అందరూ ఎగతాళి చేస్తుంటారు.

అది బొచ్చె చేపే. కానీ సంతలో దొరికే బొచ్చెలా లేదు. నిలబెడితే నా భుజం దాకా వచ్చేంత పొడవు. ఒంటి మీద ఒక్క పొలుసు కూడా లేదు. అప్పుడే పుట్టిన పిల్లల చర్మంలా లేత ఎరుపుగా ఉంది. మొప్పలు మూతలు దాటి బయటికి వచ్చి, తలకు రెండు వైపులా ముద్దమందారాల్లా విచ్చుకుని కదులుతున్నాయి.

"ఓలమ్మో! కొత్తకోడలికి సీరైనా కట్టకుండా తెచ్చీసినారేటి బావూ!" అంది మామ్మ.

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి మామ్మకు అది చిన్నకోడలు. "పెద్దకోడలు జీడిపిక్కలు కొట్టి సేతులు నల్లజేసుకుంటాది, చిన్నకోడలు కూకుని తింటాది" అని అమ్మను ఏడిపించేది. అమ్మ తన వేళ్లు చూసుకుని నవ్వేది. జీడిరసం వల్ల అమ్మ వేళ్ల కొసలు ఎప్పుడూ కాలినట్టే ఉంటాయి.

కానీ చిన్నకోడలు ఊరికే కూర్చుని తినలేదు.

ల్యాబు నుంచి వచ్చిన వసుంధర మేడం నాన్నను తొట్టె పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. నాన్న పేరు కూర్మారావు. మా వైపు చాలామందికి లాగే మూడేళ్ల కిందట ఆయన కిడ్నీలు పోయాయి. మేడం ఆయన ఎడమ చేతి నరంలో సూదులు గుచ్చి, ఆ గొట్టాలను చేప కుడి మొప్పకు కుట్టిన గొట్టాలతో కలిపింది. చిన్న పంపు తిరిగింది. నాన్న రక్తం నల్లగా మొప్పలోకి వెళ్లింది. మందారం నల్లబడింది. కాసేపటికి రెండో గొట్టంలోంచి రక్తం ఎర్రగా తిరిగి వచ్చింది. తొట్టె నీళ్లు మాత్రం పశువుల సాలలా వాసన వేయడం మొదలుపెట్టాయి.

"చేప తన ఒంట్లో మురికిని రోజంతా మొప్పల్లోంచి నీళ్లలోకి వదిలేస్తుంది. ఇప్పుడు దానిదీ మీదీ కలిపి వదులుతుంది" అంది మేడం.

"మరి దానికి నొప్పుండదేటమ్మా?" అని అడిగింది అమ్మ.

"మేత తింటున్నంత కాలం బాగున్నట్టే."

తర్వాత మేడం ఇంట్లో ఎవరు బాగా రాస్తారని అడిగింది. మామ్మ నన్ను తలుపు వెనక నుంచి లాగి ముందుకు తోసింది. మేడం నాకు ఒక లావుపాటి నోటు పుస్తకం ఇచ్చి, రోజూ ఏం రాయాలో చెప్పింది. మేత ఎంత తింది, నీళ్లు ఎన్ని మార్చాం, మొప్పల రంగు ఎలా ఉంది. అన్నిటికంటే ముందు మొదటి పేజీలో ఒక మాట రాయించింది. ఒక చేప, ఒక మనిషి.

"దీన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి మీ నాన్న రక్తం మేతలో కలిపి పెంచాం. ఎవరి రక్తం తిని పెరిగితే వాళ్లను తన ఒంట్లో భాగమే అనుకుంటుంది. మధ్యలో ఇంకొకరి రక్తం ఎక్కించారనుకో, మొదటి మనిషిని మర్చిపోవచ్చు. మర్చిపోయిన మనిషి రక్తం మళ్లీ వస్తే, పరాయిదనుకుని గడ్డ కట్టిస్తుంది. ఆ గడ్డ మనిషి ఒంట్లోకి వెళ్తే ఇంక అంతే. అర్థమైందా?"

నేను తలూపాను. మేడం చెప్పినవన్నీ ఎడమ పేజీల్లో రాసేదాన్ని. కుడి పేజీలు ఖాళీగా ఉండేవి కాబట్టి, నావి అందులో రాసుకునేదాన్ని.

రోజూ బడి నుంచి రాగానే తవుడూ చెనగచెక్కా కలిపి పన్నెండు ఉండలు చేసేదాన్ని. చేప నా చేతి నుంచి తప్ప తినేది కాదు. బొచ్చెకు పళ్లుండవు. పెదాలతో నా వేళ్లను కూడా లోపలికి లాక్కుని, ఉండ ఉంచుకుని వేళ్లు వదిలేసేది. నోటి లోపల చల్లగా, మెత్తగా ఉండేది. నాన్న వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలు, అది మేత వదిలేసి ఆ వైపు గాజుకు ఆనుకుని నిలబడేది.

మూడు రోజులకొకసారి నాన్న వంతు. వంతు అయ్యాక మూడో భాగం నీళ్లు తోడి పెరట్లో అరటిమొక్కలకు పోసేవాళ్లం. గెల ఇంత లావున వేసింది. మామ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "మీ బాబు ఇసం తాగి పెరిగినాది, తింటే సస్తారు" అంది.

తాగిన నీళ్లు బయటికి పోవు కాబట్టి, చేప రాకముందు నాన్నకు రోజుకు మూడు చిన్న గ్లాసుల నీళ్లే. చేప వచ్చిన రెండో వారంలో మేడం ఇంక తాగొచ్చంది. ఆ పూట నాన్న చెంబెత్తి నీళ్లు తాగాడు. గొంతు పైకీ కిందికీ కదులుతుంటే అమ్మ గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. చెంబు దించి, "ఓలె, కొబ్బరినీళ్లలాగున్నాయే" అన్నాడు. బోరు నీళ్ల ఊళ్లో పుట్టిన మాకు మంచినీళ్లు అలాగే ఉంటాయి.

ఇక్కడ వంతు గురించి చెప్పాలి. చేప లేనప్పుడు నాన్నా, పక్కింటి బైరాగి మావా కలిసి వ్యాన్లో టౌనుకు వెళ్లి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకునేవాళ్లు. అక్కడ కుర్చీలు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని మా ఊరి వాళ్లలో ఒక అలవాటు ఉంది. ఎవరికైనా ఆయాసం ఎక్కువైతే, ఆ రోజు వంతు ఉన్న వాళ్లు లేచి తమ కుర్చీ ఇస్తారు. అడగక్కర్లేదు. రెండేళ్ల కిందట నాన్న ఒళ్లంతా ఉబ్బి ఊపిరాడక కొట్టుకుంటే, బైరాగి మావ సూది గుచ్చబోతున్న చెయ్యి లాక్కుని లేచాడట. "నాకు రేపవుద్దిలే. బావని కూకోబెట్టండి" అన్నాడట. ఆ మాట నాన్న మా ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటాడు.

బైరాగి మావ కూతురు హేమ నా తోటిదే. పదో తరగతిలో నా పక్కనే కూర్చునేది. మాస్టారు నన్ను అడిగితే తనే లేచి జవాబు చెప్పేది.

ఆ ఏడాది తుపాను మా మీదుగానే దాటింది. కొబ్బరిచెట్లు రోడ్ల మీద అడ్డంగా పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టౌనుకు తీసుకెళ్లే వ్యాను రాలేదు. తొట్టెలో గాలి మిషను ఆగిపోయింది. నేనూ అమ్మా ఒకరి తర్వాత ఒకరం చెంబుతో నీళ్లు ఎత్తి ఎత్తి పోస్తూ నీళ్లకు గాలి పట్టించాం. తవుడు తడిసి పులిసిపోయింది. చేప ఐదు రోజులు దాదాపు పస్తే. మందారాలు వాడి ముడుచుకున్నాయి.

ఐదో రోజు మధ్యాహ్నం బైరాగి మావను మంచంతో సహా మోసుకొచ్చారు. మొహం ఉబ్బి కళ్లు కనిపించడం లేదు. ఊపిరి తీస్తుంటే గొంతులో నీళ్లు మరుగుతున్న చప్పుడు. మావ భార్య చిట్టెమ్మత్త మంచం కోడు పట్టుకుని ఉంది. వెనకాల హేమ, దాని వెనకాల సగం ఊరు.

నాన్న అప్పటికే కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. ఆ రోజు ఆయన వంతు. మంచం చూడగానే లేచి నిలబడ్డాడు.

"నా వంతు బావకిచ్చీండి" అన్నాడు.

"నీకేటవుద్దిరా మరి?" అంది మామ్మ.

"నాకు రేపవుద్దిలే."

సరిగ్గా ఆ మాటే అన్నాడు. రెండేళ్లుగా ఆ మాట అనడానికి ఎదురుచూస్తున్నవాడిలా అన్నాడు.

నేను తొట్టె వెనక ఉన్నాను. చెంబు చేతిలో ఉంది. "వద్దు నాన్నా. మేడం వద్దంది" అన్నాను. నా మాట నాకే సరిగా వినపడలేదు. చిట్టెమ్మత్త ఒక్కతే తల తిప్పింది.

"ఏటే గొణుగుతన్నావు? గట్టిగా సెప్పు."

గదిలో అందరూ మాటలు ఆపి నా వైపు చూశారు. కిటికీలోంచి కూడా చూశారు. హేమ నన్నే చూస్తోంది. బళ్లో నాకు జవాబు అందించేటప్పుడు చూసినట్టే, పెదాలు కొంచెం తెరిచి.

"ఏం లేదు" అన్నాను.

బ్యాటరీ పంపుతో బైరాగి మావ రక్తం మొప్పలోకి ఎక్కింది. రెండు గంటల్లో మొహం వాపు దిగింది. సాయంత్రానికి లేచి కూర్చుని, "కల్లుందేటి?" అని అడిగాడు. అందరూ ఏడ్చారు, నవ్వారు. మామ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి చేపకు దిష్టి తీసింది.

మర్నాడు నాన్న కుర్చీలో కూర్చున్నాడు. చేప ఆయన వైపు రాలేదు. తోక ఆయన వైపు పెట్టి మూలకు వెళ్లింది. గొట్టం కలిపిన రెండు నిమిషాలకు మొప్ప తెల్లగా పాలిపోయింది. తిరిగొచ్చే గొట్టంలో గొంగళిపురుగు లాంటిది ఒకటి కదులుతూ వస్తోంది. నేను గొట్టం పీకేశాను. ఈసారి ఎవరినీ అడగలేదు. రక్తం గోడ మీద పడింది. నాన్న బతికాడు. కానీ ఎడమ చేతి నరం పూడుకుపోయింది. సూది గుచ్చడానికి ఆయనకు మిగిలిన చివరి నరం అది.

దారి తెరిచాక మేడం వచ్చింది. ముందు కోప్పడింది. తర్వాత ఇద్దరి రక్తం చుక్కలూ చేప రక్తంతో గాజు పలకల మీద కలిపి చూసింది. నాన్నది ముద్ద కట్టింది. బైరాగి మావది నీళ్లలా పారింది.

"ఒక్కసారికే మారిపోయింది" అంది మేడం. ఆవిడ గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "ఐదు రోజుల పస్తు, గాలి లేదు. అందుకే ఇంత తొందరగా మారింది." నా పుస్తకం అడిగి తీసుకుని, ఆ ఐదు రోజుల పేజీలన్నిటికీ ఫోటోలు తీసుకుంది.

"మళ్లీ నాకేసి తిప్పలేరేటి అమ్మా?" అని అడిగాడు నాన్న.

"నేరుగా ఎక్కిస్తే గడ్డ కడుతుంది. మొదట్లో చేసినట్టు మేతలో కలిపి మెల్లగా మారిస్తే మారొచ్చు. ఎన్ని రోజులు పడుతుందో ఎవరికీ తెలీదు. అది తెలియాలంటే ఈలోపు బైరాగికి ఎక్కిస్తూనే ఉండాలి. ఏ రోజు మారితే ఆ రోజు ఇతను పోతాడు." మేడం పుస్తకం మూసింది. "అలాంటి పరీక్ష మేం చెయ్యలేం."

చెయ్యం అనలేదు. చెయ్యలేం అంది. ఆ రాత కుడి పేజీలో ఇప్పటికీ ఉంది.

కొత్త చేప తయారవడానికి ఏడాది పడుతుందట. టౌన్లో డాక్టరు నాన్న మెడలో గొట్టం పెట్టి, అది రెండు మూడు నెలలకు మించి ఆగదన్నాడు. ఆ తర్వాత ఏంటని అమ్మ అడగలేదు.

చేప బైరాగి మావ ఇంటికి వెళ్లింది. నీళ్లు సగానికి తోడి, తొట్టె కింద కొబ్బరి దుంగలు పెట్టి పద్దెనిమిది మంది దొర్లించారు. గుమ్మం దాటేటప్పుడు మామ్మ గాజుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. "ఎల్లిరా తల్లీ. మా ఇంటికన్నా ఆలిల్లు సల్లగున్నాదేమో" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ నడిమి గదిలో అమ్మ మళ్లీ మంచం వేసింది.

చిట్టెమ్మత్తకు చేపంటే భయం. ఇంకెవరు పెట్టినా అది తినడం లేదు. అందుకని రోజూ సాయంత్రం నేనే వెళ్లి మేత పెట్టి, పుస్తకం రాసి వచ్చేదాన్ని. హేమ నా వెనక కూర్చుని జడ వేసేది. మావ నన్ను చూసినప్పుడల్లా ఏదో ఒకటి మాట్లాడేవాడు.

"మీ బాబు వంతిచ్చినాడు గాని సేపనివ్వలేదే ఊర్వశీ. సేప దానంతటదే నాకేసి వచ్చీసింది. నానేటి సెయ్యను?"

నేను తలూపేదాన్ని. మావ చెడ్డవాడు కాదు. మొదటి వారం రెండుసార్లు మా ఇంటికి వచ్చి, తీసుకుపొమ్మని ఏడ్చాడు. తీసుకుపోయినా పనికిరాదని ఆయనకూ తెలుసు. రెండో వారం రాలేదు. మూడో వారంలో మళ్లీ కొబ్బరిచెట్టు ఎక్కాడు.

ఆ రోజే నాన్న మెడకు కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జ్వరం. పక్కన మూత వేసిన చిన్న గ్లాసు, ఆ రోజుకు మూడోది, చివరిది. బైరాగి మావ చెట్టు దిగి, చెమటలు కారుతూ వచ్చి, "పెద్దమ్మా, దాహమేస్తాంది" అన్నాడు. మామ్మ చెంబు ఇచ్చింది. మావ చెంబెత్తి నాన్న ముందే గటగట తాగాడు. సగం గడ్డం మీదుగా కారిపోయింది. మిగిలినవి నేల మీద పారబోశాడు.

నాన్న మావ గొంతు వైపు చూశాడు. తర్వాత తడిసిన మట్టి వైపు చూశాడు. నాలుకతో పెదాలు తడుపుకున్నాడు.

మర్నాటి నుంచి నేను పదమూడు ఉండలు చేశాను.

ల్యాబు వాళ్లు వదిలేసిన సూదుల పెట్టె మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే నాన్న వేలు గుచ్చి ఐదారు చుక్కలు చిన్న సీసాలోకి పిండేదాన్ని.

"ఇంకా నా నెత్తురుతో ఏటి పనే మీ మేడానికి?"

"రాసుకోడానికి."

"రాసుకో, రాసుకో" అని నవ్వి వేలు ఇచ్చేవాడు. చదువుకుంటున్న కూతురు చేసేది ఏదైనా మంచికేనని ఆయన నమ్మకం. ఒంట్లో రక్తమే లేని మనిషి. కొన్ని రోజులు వేలు ఎంత నొక్కినా రంగునీళ్లలా వచ్చేది.

ఆ చుక్కలు తవుడులో కలిపి ఒక ఉండ విడిగా చేసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునేదాన్ని. పన్నెండు మామూలువి అయ్యాక అది పెట్టేదాన్ని. హేమ నా జడ అల్లుతూ ఉండేది. మొదటి రోజు చేప ఆ ఉండను ఉమ్మేసింది. నీళ్లలో తేలుతున్నదాన్ని పట్టుకుని మళ్లీ నోట్లో పెట్టి, వేళ్లు తీయకుండా మింగేదాకా ఉంచాను. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు మావ వంతు. ఏమీ కాలేదు. మావ గొట్టాలు తీయించుకుని, సినిమా పాట పాడుతూ బయటికి వెళ్లాడు.

ఆరో రోజు మళ్లీ వంతు. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు పదమూడో ఉండను చేప దానంతటదే తీసుకుంది.

నాకు భయం వేయలేదని రాస్తే అబద్ధం. ప్రతి సాయంత్రం ఆ గుమ్మం దగ్గర, ఈ రోజు పెట్టకూడదు అనుకునేదాన్ని. అప్పుడు తడిసిన మట్టి గుర్తొచ్చేది.

తొమ్మిదో రోజు ఆదివారం. నాన్న జ్వరం తగ్గి కొంచెం తేలికపడ్డాడు. "బావని సూసి వస్తాను" అని అమ్మ భుజం పట్టుకుని పక్కింటికి నడిచాడు. నేను ముందే వెళ్లి మేత పెట్టేశాను. మావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిట్టెమ్మత్త సూదులు సర్దుతోంది. ఇప్పుడు తనకు భయం పోయి, చేతులు చకచకా ఆడుతున్నాయి.

నాన్న తొట్టె రెండో వైపు నిలబడి, అలసిపోయి గాజు మీద చెయ్యి పెట్టాడు.

చేప మూలలోంచి కదిలింది. మావ కుర్చీ పక్క నుంచి మెల్లగా వచ్చి, నాన్న అరచెయ్యి ఉన్న చోట గాజుకు తల ఆనించి నిలబడింది. మందారాలు రెండూ విచ్చుకున్నాయి.

"ఓలె, సూడే! ఇది నన్ను మర్సిపోలేదే!" అన్నాడు నాన్న. ఎన్నాళ్లకో ఆయన మొహంలో వెలుగు.

"ఎలాగ మర్సిపోద్ది బావా? నీ నెత్తురు తిని పెరిగినాది. మొదటి మొగుడివి కదేటి నువ్వు!" అన్నాడు మావ.

చిట్టెమ్మత్త "సిగ్గునేదు ముసలాయనకి" అంటూ ఆయన చెయ్యి మీద ఒక్కటేసి, సూది గుచ్చింది. అందరూ నవ్వుతున్నారు. హేమ కూడా. దాని చేతిలో నా జడ ఉంది.

నాకు తెలుసు. ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. గొట్టం ఇంకా మొప్పకు కలపలేదు. మూడు మాటలు చాలు. ఈసారి ఎవరూ నా వైపు చూడటం లేదు, గట్టిగా చెప్పమని అడగడం లేదు. అయినా చెప్పొచ్చు.

చిట్టెమ్మత్త పంపు తిప్పింది.

మొప్ప నల్లబడలేదు. అంచుల నుంచి మొదలై లోపలికి తెల్లగా అయిపోయింది. తిరిగొచ్చే గొట్టం నా ఎదురుగానే ఉంది. ఆనాడు నేను పీకింది అలాంటి గొట్టమే. దానిలో గొంగళిపురుగు వస్తోంది. ఒకటి కాదు, మూడు. మావ నవ్వుతూనే "ఏటిది, సల్లగా..." అన్నాడు. అంతే. తల వెనక్కి వాలింది. కాళ్లు రెండుసార్లు తన్నుకున్నాయి. కుర్చీ పక్కనున్న నీళ్ల చెంబు దొర్లి నా కాలి దగ్గరికి వచ్చింది.

హేమ జడ వదల్లేదు. నా జుట్టు పట్టుకునే అరిచింది.

పదో రోజు చిట్టెమ్మత్త మా అరుగు మీద కూర్చుని తన చేతులు తనే నేలకేసి కొట్టుకుంది. "నాను తప్పు గొట్టం కలిపీసినాను. నా సేత్తోనే సంపీసినాను" అంది. అమ్మ ఆ చేతులు పట్టుకుని ఆపింది. నల్ల వేళ్ల మధ్య తెల్ల వేళ్లు. నేను లోపల తవుడు జల్లిస్తున్నాను. ఒక్క మాట చెబితే ఆ చేతులు ఆగేవి.

మేడం వచ్చి గాజు పలకల మీద మళ్లీ కలిపి చూసింది. ఈసారి నాన్నది పారింది. తొట్టె మళ్లీ కొబ్బరి దుంగల మీద దొర్లి మా ఇంటికి వచ్చింది. అమ్మ మంచం తీసేసింది. మెడలో గొట్టం తీసేసి, తొడలోంచి కొత్తది వేసి మొదటిసారి ఎక్కించినప్పుడు, నాన్న కళ్లు మూసుకుని ఏడుస్తూనే ఉన్నాడు. "బావ వంతు నాకిచ్చీసి ఎల్లిపోనాడు" అన్నాడు.

హేమ బడి మానేసి జీడిపిక్కల పనికి వెళ్తోంది. ఒకసారి వచ్చి తొట్టె పక్కన కూర్చుంది. వేళ్లు అప్పుడే నల్లబడుతున్నాయి.

"మా నాన్ననెందుకు మర్సిపోయిందే? నువ్వు రోజూ దగ్గరే ఉన్నావు కదా. నీకేటీ తెలీలేదా?"

"తెలీలేదు" అన్నాను. చేప నా వేళ్లు చీకుతోంది.

నిన్న మేడం నెలవారీ పరీక్షకు వచ్చింది. పుస్తకం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుని, ఎడమ పేజీలు వరసగా చదివింది. నాన్న కుర్చీలో ఉన్నాడు. మామ్మ వంటింట్లో ఉంది. మేడం ఒక చోట ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది. వేలు పెట్టి ఒక్కొక్క వరసా దిగింది.

"పన్నెండు, పన్నెండు, పన్నెండు. ఇక్కడి నుంచి పదమూడు. బైరాగి పోయాక మళ్లీ పన్నెండు" అంది మెల్లగా. "ఊర్వశీ, ఈ పదమూడోది ఏంటి?"

నేను అబద్ధం రాయలేదు. ఆ పుస్తకంలో ఎప్పుడూ రాయలేదు. ఎన్ని పెడితే అన్నే రాశాను.

మేడం నా మొహం చూసింది. నాన్న వైపు చూసింది. సూదుల పెట్టె వైపు చూసింది. ఆవిడ లేచి వెళ్లి అందరినీ పిలుస్తుందని, నన్ను మధ్యలో నిలబెడుతుందని, కిటికీలోంచి కూడా చూస్తారని అనుకున్నాను.

మేడం వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. తిరిగొచ్చి, తన సంచిలోంచి పెన్ను తీసింది.

"ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగింది.

"తొమ్మిది" అన్నాను.

గట్టిగానే వచ్చింది. వంటింట్లోంచి మామ్మ, "ఏటే, ఎవలే అంత గట్టిగా మాటాడతన్నారు?" అంది.

మేడం తన పుస్తకంలో తొమ్మిది వేసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసింది. వచ్చే నెల మా చుట్టుపక్కల ఊళ్లకు నలభై చేపలు వస్తాయని చెప్పింది. వాటికి మేత పెట్టి, పుస్తకం రాసేవాళ్లకు నేర్పడానికి నేను పనికొస్తానంది.

నాన్న కళ్లు తెరిచి నీళ్లు అడిగాడు. నిండు చెంబు ఇచ్చాను. తాగుతుంటే ఆయన గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. చెంబులో ఒక్క చుక్క మిగలకుండా తాగాడు.